నీళ్లనే ముందు ఉతకాలి

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం. బాగేపల్లి

బకెట్ వంచితే లోపల తెల్లటి గీత. నీళ్లు ఎంతవరకు నిలిచాయో సరిగ్గా అంతవరకు. గోటితో గీకితే మైనంలా అంటుకుంటుంది. అమ్మ కొబ్బరిపీచుతో దాన్ని రుద్దుతూ, "మన నీళ్లు గుడ్డలకంటే ముందు సబ్బును తింటాయి" అంది.

ఈ మాట ఆమె నోట ఎన్నేళ్లుగానో వింటున్నాను. నా చిన్నప్పుడు పెరట్లో చేదబావి ఉండేది. ఇప్పుడు మా బోరు వెయ్యిన్నూరు అడుగులు. అంత లోతున నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాతిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని, ఫ్లోరైడ్‌ను తమలో కలుపుకుని పైకి వస్తాయి. ఫ్లోరైడ్ పిల్లల పళ్లమీద మచ్చలై కనిపిస్తుంది కాబట్టి దాని గురించి అందరం మాట్లాడతాం. కాల్షియం ఇలా బకెట్ మీద గీతై కనిపిస్తుంది. రుద్ది, కడిగి, మరిచిపోతాం.

ఆ గీత మురికి అనుకుంటారు. నిజానికి అది సబ్బే. సబ్బంటే కొవ్వు ఆమ్లం సోడియంతో కట్టిన జత. ఆ జత నీళ్లలో కరుగుతుంది. కాల్షియం ఎదురైతే కొవ్వు ఆమ్లం సోడియాన్ని వదిలేసి దాన్ని పట్టుకుంటుంది. ఇక కరగదు, నురగ కట్టదు, మురికిని ముట్టదు. తెట్టులా తేలి బకెట్ అంచుకు అతుక్కుంటుంది.

ఫిబ్రవరి 6, గురువారం. చింతామణి

ఈరోజు ల్యాబ్‌లో నా పీయూ (ఇంటర్) పిల్లలచేత వాళ్ల వాళ్ల ఊరి నీళ్లనే పరీక్ష చేయించాను. 25 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగుపొడి, బ్యూరెట్‌లో కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ. ద్రాక్షరసం రంగులో ఉన్న నీళ్లు చివరి చుక్క పడగానే నీలంలోకి తిరుగుతాయి. ఆ చుక్క దగ్గర ప్రతి పిల్లా ఊపిరి బిగబడుతుంది. ఎన్నేళ్లు చూసినా నాకు తనివి తీరని దృశ్యం అది.

మా ఇంటి బోరు నీళ్లకు సరిగ్గా 10 మిల్లీలీటర్లు పట్టింది. 0.01 మోలార్ ద్రావణం కాబట్టి కాఠిన్యం లీటరుకు 400 మిల్లీగ్రాములు. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం 200 దాటకుంటే మేలంటుంది, వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటుంది. శుద్ధనీటి ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్లకు నాలుగు చుక్కలు కూడా పట్టలేదు.

తర్వాత బోర్డు మీద లెక్క. పది లీటర్ల బకెట్‌లో ఉన్న కాల్షియమంతా కలిసి ఎంత సబ్బును మింగుతుంది? ఒక్కో కాల్షియం అయాను రెండు సబ్బు అణువులను పట్టుకుంటుంది. జవాబు దాదాపు 24 గ్రాములు. నూరు గ్రాముల బిళ్లలో పావు వంతు. అదంతా పోయాక గానీ మొదటి నురగ పుట్టదు.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది: "అంటే మేడం, మా అమ్మ ముందు నీళ్లనుతికి, ఆమీట గుడ్డలుతుకుతుందా?"

ఈ పాఠాన్ని ఇంతకంటే బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాటను బోర్డు మీద రాయించాను.

ఫిబ్రవరి 9, ఆదివారం. బాగేపల్లి

ఆ అమ్మాయి మాట పట్టుకుని సర్ఫు ప్యాకెట్‌ను మళ్లీ చదివాను. (మా ఇళ్లలో ఏ కంపెనీ పొడైనా సర్ఫే. ఆ పేరుతో పొడి 1959లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది, పేరు జాతిపేరై నిలిచిపోయింది.) ఏ పదార్థం గుడ్డ కోసం, ఏది నీళ్ల కోసం అని విడదీసుకుంటూ పోతే పొడి రూపమే మారిపోయి కనిపించింది.

మురికిని పట్టేది ప్రధానంగా ఒక్కటే: లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్. పది నుంచి పదమూడు కార్బన్ల తోక, మధ్యలో బెంజీన్ వలయం, ఆ చివర సల్ఫోనేట్ తల. తోకకు నీళ్లు గిట్టవు కాబట్టి జిడ్డులో దూరుతుంది. తల నీళ్లను వదలదు. జిడ్డు చుట్టూ ఇలాంటివి వందలుగా చేరి దాన్ని ఉండచుట్టి గుడ్డమీంచి లేపుతాయి. కాల్షియంతో కలిసినా సబ్బంత సులువుగా తెట్టు కట్టదు. అయినా కాల్షియం మరీ ఎక్కువైతే దీని బలమూ తగ్గుతుంది.

అందుకే దాని పక్కన నీళ్లను లొంగదీసేవాళ్లు ఉండాలి. సోడా యాష్, ట్రైపాలీఫాస్ఫేట్, జియోలైట్, సిట్రేట్, ఇవన్నీ ఆ పనికే. ఒకే పని అయినా ఒక్కోదాని తీరు వేరు. సోడా, కాల్షియాన్ని సుద్దపొడిగా మార్చి కింద పడేస్తుంది. ఫాస్ఫేట్ దాన్ని కరిగినట్టే ఉంచి, చేతులు కట్టేస్తుంది. జియోలైట్ సన్నని గూళ్లున్న రాయి. గూటిలోని సోడియాన్ని బయటికి పంపి కాల్షియాన్ని లోపల కూర్చోబెట్టుకుంటుంది.

మా బకెట్ నీళ్లకు లెక్క కట్టాను. సోడా అయితే 4 గ్రాములు దాటి కొంచెం. ఫాస్ఫేట్ అయితే దాదాపు 15. నాలుగు గ్రాముల సోడా చేసే పనికి ఇన్నాళ్లూ పావు బిళ్ల సబ్బును బలిచ్చాం.

సోడాకూ ఒక లోపముంది. ఆ సుద్దపొడి ఎక్కడికీ పోదు, దారాల మధ్య కూర్చుంటుంది. మా తువ్వాళ్లు ఎండాక అప్పడాల్లా నిలబడేది అందుకే.

ఫిబ్రవరి 16, ఆదివారం. చింతామణి

ఊరి చివర రేకుల షెడ్డులో భార్యాభర్తలు సర్ఫు తయారుచేస్తారు. అడిగితే కూర్చోబెట్టి చూపించారు. డ్రమ్ములో యాసిడ్ స్లర్రీ: ముదురు బెల్లంపాకంలా, చిక్కగా, ఘాటుగా. నేల మీద పరిచిన సోడా పొడిపై దాన్ని సన్నగా పోస్తూ పారతో కలిపారు. బుస్సుమని పొంగింది, ఆవిరి లేచింది. ఆమ్లమూ సోడా కలిసినచోట బొగ్గుపులుసు వాయువు పోతుంది, వేడి పుడుతుంది, మిగిలేది ఆ సల్ఫోనేట్.

"సోడా తక్కువైతే ఏమైతుందక్కా?"

"పొడి కాదు, ముద్దయిపోతుంది. కొన్నోళ్ల చేతులు మండుతాయి."

మిగిలిపోయిన ఆమ్లం గురించి ఇంతకంటే సూటిగా ఏ పుస్తకమూ చెప్పదు. కానీ ఆమె చేతులకు తొడుగుల్లేవు. వేళ్ల చివర్లు తెల్లబడి, పగిలి ఉన్నాయి. దారిలో దుకాణంలో రబ్బరు తొడుగులూ, కళ్లద్దాలూ కొని ఇచ్చి వచ్చాను. స్లర్రీని సోడాలో పోయాలి, ఎప్పుడూ కొంచెం కొంచెంగా, గాలి ఆడేచోట. ఇది ఆమెకు తెలుసు. కంటికి అద్దం ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తిరిగొస్తూ 'లీనియర్' అన్న మాట గురించే ఆలోచించాను. 1950లలో ఈ సల్ఫోనేట్ అణువుకు తిన్నని తోక లేదు, కొమ్మలు కొమ్మలుగా ఉండేది. నీటిలోని బాక్టీరియా తోకను కొస నుంచి కొరుక్కుంటూ వస్తుంది. కొమ్మ అడ్డొస్తే ఆగిపోతుంది. యూరప్, అమెరికా నదుల మీద నురగ గుట్టలు కట్టింది. దాన్ని ఆపేందుకు పశ్చిమ జర్మనీ చేసిన చట్టం 1964లో అమలులోకి వచ్చింది. 1965కల్లా అమెరికా కంపెనీలూ తిన్నని తోకకు మారాయి. మురికిని వదిలించే శక్తి దాదాపు అంతే. మారిందల్లా వాడి పారేశాక బాక్టీరియాకు విరిగిపోయే గుణం. ఒక వస్తువు పని అయిపోయాక ఏమవుతుందో అడిగి తీరాలని జనం పట్టుబట్టినందుకు వచ్చిన మార్పు అది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

దొంగనోట్లు చూసే చిన్న టార్చితో చీకటిగదిలో నాన్న పంచె మీద వెలుతురు వేశాను. పంచె నీలంగా మండింది. పక్కనే అమ్మ నేత చీర, సర్ఫు తగలనిది, నల్లగా ఉండిపోయింది.

టినోపాల్. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని తాగి, కనిపించే నీలంగా తిరిగిస్తుంది. పాత నీలిమందు పసుపుదనాన్ని కప్పేది, ఇది వెలుగునే కలుపుతుంది. పంచె శుభ్రపడిందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. తెలుపు వేరు, శుభ్రత వేరు అని పిల్లలకు ఈ టార్చితోనే చెప్పాలి.

ఫిబ్రవరి 26, బుధవారం. శివరాత్రి. శిడ్లఘట్ట

పిన్ని ఇంట్లో జాగారం. వీధిలో అడుగుపెడితేనే ఉడికిన పట్టుగూళ్ల వాసన. ఈ ఊరి గూళ్ల మార్కెట్టుకు పొద్దున్నే ఎక్కడెక్కడి నుంచో బుట్టలు దిగుతాయి.

గూడు రెండు ప్రొటీన్ల కట్టడం. లోపల దారం ఫైబ్రోయిన్, దాన్ని అంటించి ఉంచే బంక సెరిసిన్. బంక బరువు మొత్తంలో దాదాపు నాలుగో వంతు. వేడినీళ్లలో బంక మెత్తబడితేనే దారం కొస దొరుకుతుంది. తర్వాత అద్దకానికి ముందు సబ్బూ సోడా వేసి ఉడికించి మిగతా బంకను వదిలిస్తారు. అప్పుడు పట్టుకు ఆ మెరుపు వస్తుంది. ఉతుకుడు శాస్త్రంలోని సబ్బూ సోడాయే ఇక్కడ పట్టును పుట్టిస్తున్నాయి.

అదే పట్టును చంపే పదార్థం కూడా నేటి సర్ఫులో ఉంది. రక్తం, గుడ్డు, చెమట మరకలను కోసే ప్రొటియేజ్ ఎంజైమ్. 1913లో జర్మనీలో ఒట్టో రోమ్ జంతువుల క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైమ్‌తో దీనికి దారి వేశాడు. 1960ల నుంచి బాక్టీరియాతో పెంచిన ఎంజైమ్‌లు వచ్చాయి. వాటికి మరక ప్రొటీన్ ఏదో, చీర ప్రొటీన్ ఏదో తెలియదు. మెల్లగా దారాన్నీ కొరుకుతాయి. పత్తి ప్రొటీన్ కాదు, సెల్యులోజ్. దానికి వీటితో భయం లేదు.

పిన్నికి ఈ పేర్లేవీ అక్కర్లేదు. "పట్టుకు కుంకుడు, పత్తికి సోడా" అంటుంది. కుంకుడులోని సపోనిన్ క్షారం లేకుండానే నురగ కడుతుంది. ఆమె మాట రసాయనంగా అక్షరాలా నిజం.

మార్చి 9, ఆదివారం. ముద్దేనహళ్లి

పిల్లలను తీసుకుని విశ్వేశ్వరయ్యగారి సమాధి దగ్గరికి వెళ్లాం. ఇంటిపేరు మోక్షగుండం, పూర్వీకులది ప్రకాశం జిల్లా వైపు. ఇంట్లో తెలుగు, ఊళ్లో కన్నడం. మా అందరి ఇళ్లలాగే.

పిల్లలకు ఆయన పేరుతో ముడిపడ్డ కృష్ణరాజసాగరం ఆనకట్ట తెలుసు. సబ్బు సంగతి తెలియదు. మొదటి ప్రపంచయుద్ధంలో మైసూరు గంధపుచెక్క ఎగుమతి ఆగిపోయినప్పుడు, చెక్కనుంచి నూనె ఇక్కడే తీయాలని, ఆ నూనెతో సబ్బు చేయాలని సంస్థానం తలపెట్టింది. 1916లో బెంగళూరులో ప్రభుత్వ సబ్బు కర్మాగారం మొదలైంది. అప్పటి దివాను ఈయనే, రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు. గంధపు సుగంధాన్ని సబ్బులో నిలిపిన రసాయనవేత్త ఎస్.జి.శాస్త్రి.

నీళ్లూ సబ్బూ ఒకే మనిషి బల్ల మీదికి వచ్చిన కాలం అది. ఈరోజు వాటిని వేర్వేరు శాఖలు చూస్తాయి. సబ్బు పరిశ్రమది, నీళ్లు నీటిసరఫరాది, మురుగు ఇంకొకరిది. బకెట్‌లో మాత్రం అవి ఎప్పుడూ విడిగా ఉండవు.

మార్చి 16, ఆదివారం. బాగేపల్లి, చిత్రావతి ఒడ్డు

మడివాళ (చాకలి) పెద్దాయన ఒకరు నీడన కూర్చుని ఉన్నారు. చేతులు ఉడిగాయి, మాట ఉడగలేదు. ఏటిలో చెలమలుండే రోజులను చెప్పారు.

"అప్పుడు సర్ఫు యాడిదమ్మా? పొద్దున్నే పోయి సౌడు మన్ను గీరుకొచ్చేటోళ్లం. ఎండకు తెల్లగా పొంగుంటుంది సూడు, ఆ మన్ను. నీళ్లలో కలిపి, తేటను వంచి, గుడ్డలు నానేసి, రాత్రి ఉబ్బ పెడితే తెల్లారికి మల్లెపూలే."

సౌడు మన్నులో ఉండేది సోడియం కార్బనేట్. చింతామణి షెడ్డులో నేను చూసిన సోడా యాషే, ఈ నేల తనంతట తాను చేసింది. తేట వంచడం అంటే మట్టిని వదిలి క్షారాన్ని తీసుకోవడం. ఉబ్బ అంటే ఆవిరి, అంటే వేడి. వేడికి జిడ్డు కరుగుతుంది, క్షారానికి అందులో కొంత సబ్బుగానే మారిపోతుంది. మురికిని మురికితోనే వదిలించారు.

నేను సోడాతో నీళ్ల కాఠిన్యం పోతుందని చెప్పబోతే ఆయనే ముందు అన్నారు: "మన్ను నీళ్లలో ఏసిన్నాక కొంచేపు ఊరుకుండాల. నీళ్లు తేరుకోవాల. ఆమీటనే గుడ్డ ముంచాల."

నీళ్లు తేరుకోవాల. ల్యాబ్‌లో ఆ అమ్మాయి అడిగిందీ, ఇక్కడ ఈయన చేసిందీ ఒకటే. సుద్ద గుడ్డలో పడకుండా ముందే అడుగున పడనిచ్చి, పైనీళ్లను వాడుకోవడం. తువ్వాళ్లు అప్పడాలు కాకుండా ఉండే ఉపాయం ఇదే.

ఇంటికొచ్చి చేసి చూశాను. పది లీటర్లకు చెంచా వాషింగ్ సోడా, కలిపి అరగంట ఆగడం, తేట వంచుకోవడం, ఆ తర్వాత మామూలుగా వేసే సర్ఫులో సగం. నురగ నిలిచింది. చేతులకు సోడా మంచిది కాదు, తొడుగు వేసుకున్నాను. పట్టు, ఉన్ని ఇందులో వేయకూడదు.

మార్చి 30, ఆదివారం. ఉగాది

కొత్త గుడ్డలు. సర్ఫులో పేరుకు కూడా ఎవరికీ తెలియని ఒక పదార్థాన్ని ఈరోజు తలుచుకున్నాను. సిఎంసి. సెల్యులోజ్‌ను, అంటే పత్తిలో ఉన్నదాన్నే, కాస్త మార్చి చేస్తారు. తన జాతి అని గుర్తుపట్టినట్టు పోయి పత్తి దారానికి అతుక్కుంటుంది. దానికి రుణావేశం ఉంటుంది, ఊడిన మురికికీ రుణావేశమే. రెండూ తోసుకుంటాయి. ఊడిన మురికి మళ్లీ గుడ్డెక్కదు. ప్యాకెట్‌లో నూటికి ఒకటో అరో పాలు. తెల్లగుడ్డ ఏళ్లు గడిచినా బూడిదరంగుకు తిరగకపోతే అందులో దీని చేయి ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం. చిక్కబళ్లాపురం, కందవార చెరువు

చిన్నప్పుడు ఈ చెరువును ఎండి పగిలిన నేలగానే చూశాను. ఇప్పుడు నిండుగా ఉంది. ఈ నీళ్లు వానవి కావు, బెంగళూరువి. హెబ్బాళ-నాగవార లోయలో శుద్ధిచేసిన మురుగునీటిని పంపుల మీద ఇటు తెస్తున్నారు. రోజుకు 21 కోట్ల లీటర్ల పథకం. కోలారు, చింతామణి వైపుకు కోరమంగల-చల్లఘట్ట లోయ నీళ్లు.

ఈ చెరువు నీళ్ల దారి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. 1974 నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల అవతలి కావేరిని ఎత్తి తాగుతోంది. ఆ నీళ్లు అక్కడి ఇళ్లలో గుడ్డలుతికి, కాలువకెక్కి, శుద్ధికేంద్రం దాటి, నంది కొండల కిందికి వచ్చి మా చెరువులో ఆగాయి. ఒడ్డున రైతొకాయన, "బోర్లు మళ్లీ పోస్తాండాయమ్మా" అన్నారు. ఆయన ముఖంలోని ఆ తేటదనాన్ని కాదనే హక్కు నాకు లేదు.

కానీ చదువుకున్నదాన్ని చెప్పకుండా ఉండే హక్కు కూడా లేదు. శుద్ధికేంద్రంలో గాలి బాగా ఆడితే తిన్నతోక సల్ఫోనేట్‌ను బాక్టీరియా చాలావరకు తినేస్తుంది. ఆక్సిజన్ లేనిచోట తినలేదు. మురుగంతా వచ్చి చేరిన బెళ్లందూరు చెరువు అందుకే నురగలు కక్కింది. 2015లో ఆ నురగకు నిప్పంటుకుంది. 2018 జులైలో కోలారు వైపు లక్ష్మీసాగర చెరువులో నురగ కనిపించినప్పుడు జనం కోర్టుకెక్కారు. ఫాస్ఫేట్‌ది ఇంకో కథ. దాన్ని ఏ బాక్టీరియా విరిచి మాయం చేయలేదు. ద్వితీయ దశ శుద్ధిని దాటి చాలా భాగం చెరువుకే వస్తుంది, నాచుకూ గుర్రపుడెక్కకూ ఎరువవుతుంది. అవి కుళ్లితే నీటిలోని ఆక్సిజన్ తరిగిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2013 నుంచి ఇంటి సర్ఫులో ఫాస్ఫరస్‌కు కట్టుబాటు పెట్టింది.

మూడో దశ శుద్ధి కావాలని ఈ జిల్లాల్లో అడుగుతున్నవాళ్లు అడుగుతున్నది ఇదే. నీళ్లొద్దని వాళ్లు అనలేదు. నీళ్లను ఉతికి పంపమంటున్నారు. అది న్యాయమైన కోరిక.

మే 18, ఆదివారం. బాగేపల్లి

రాత్రంతా వాన. మొదట పడిన ధూళినీళ్లను వదిలేసి, మిద్దె గొట్టం కింద తొట్టి పెట్టాను. పొద్దునకి నిండింది.

అమ్మ అందులోనే గుడ్డలు వేసింది. ఈడీటీఏ అక్కర్లేదు, సోడా అక్కర్లేదు, తేరుకోవాల్సిందేమీ లేదు. ఇంట్లో అరిగిపోయి పక్కనపడేసిన సబ్బుముక్కను రెండుసార్లు రుద్దింది. మోచేతిదాకా నురగ. ఆమె చేయి ఆగిపోయింది. "మన బాయి నీళ్లు ఇట్లనే ఉండేవి" అంది.

ఉతికిన నీళ్లను అరటిపాదుకు పోసింది. సబ్బు, కాస్త చెమట, కాస్త దుమ్ము. టినోపాల్ లేదు, ఫాస్ఫేట్ లేదు. పాదు మెల్లగా పీల్చుకుంది.

బకెట్ బోర్లించే ముందు లోపలికి చూశాను. గీత లేదు.

మేస్త్రీకి ఫోన్ చేశాను. మిద్దె నీళ్లకు సంపు ఒకటి, మిగిలినది బోరు పక్కన ఇంకుడుగుంతలోకి. రేపు కొలతలు తీసుకుంటాడు.